విమానం నేర్పే కొత్త గురువుకు నాలుగు మాటలు

విద్య నేర్చుకోవడం ఒక ఎత్తు, నేర్పడం మరొక ఎత్తు. విమాన చోదనంలో ఈ మాట ప్రాణాలతో ముడిపడి ఉన్నది. తరగతిలో పాఠం అర్థం కాకపోతే మార్కులు పోతాయి. గాలిలో అర్థం కాకపోతే మనుషులే పోతారు. కాబట్టి కొత్తగా శిక్షకులైన పైలట్లు తమ తొలి శిష్యుల విషయంలో గమనించవలసిన సంగతులు కొన్ని పరిశీలిద్దాం.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో ఎందరో యువకులు యుద్ధరంగం చూడకుండా శిక్షణలోనే మరణించారు. ప్రమాదకరమైన స్థితుల జోలికి పోవద్దని హెచ్చరించడమే అప్పటి బోధన. 1917లో గాస్‌పోర్ట్ అనే ఊళ్లో రాబర్ట్ స్మిత్-బారీ అనే అధికారి ఈ పద్ధతి మార్చివేశాడు. జంట కంట్రోళ్లు గల ఆవ్రో 504 విమానంలో గురువు వెంట ఉండగానే శిష్యుణ్ణి ఆ స్థితుల్లోకి తీసుకుపోయి, బయటపడడం అతనిచేతనే చేయించారు. ఇంజను హోరులో మాట వినబడేందుకు వాడిన గొట్టానికి గాస్‌పోర్ట్ ట్యూబ్ అనే పేరు నిలిచిపోయింది. నేటి శిక్షణకు ఆ పద్ధతే పునాది.

ప్రమాదాన్ని దాచకండి: ఉదాహరణకు స్టాల్ తీసుకుందాం. రెక్కకూ, ఎదురువచ్చే గాలికీ మధ్య కోణం సుమారు 15, 16 డిగ్రీలు దాటితే, రెక్క పైభాగాన గాలి అంటిపెట్టుకొని ప్రవహించలేక విడిపోతుంది. లిఫ్ట్ పడిపోతుంది. ముక్కు క్రిందికి వాలగానే కొత్తవాడు కంగారుపడి కంట్రోలు తనవైపు లాగుతాడు. దాంతో కోణం ఇంకా పెరుగుతుంది! ముందుకు వదిలితేనే రెక్కకు మళ్లీ పట్టు దొరుకుతుంది. ఇది నల్లబల్లమీద ఎన్నిసార్లు చెప్పినా చాలదు. చాలినంత ఎత్తులో అతని చేత్తోనే చేయించాలి.

చూపు నేర్పండి: మాది వ్యవసాయ కుటుంబం. కొత్తగా మేడి పట్టినవాడు కర్రు వంక చూస్తే సాలు వంకర పోతుంది. అవతలి గట్టు చూస్తేనే తిన్నగా వస్తుంది. విమానం దిగడంలోనూ ఇదే సూత్రం. నేలకు దగ్గరయ్యాక శిష్యుని చూపు ముక్కు క్రిందనే ఉంటే ఎత్తు అంచనా తప్పుతుంది. రన్‌వే చివరికి చూపు సాగించమని చెప్పాలి.

కంట్రోలు ఎవరిదో తేల్చండి: ఇద్దరూ పట్టుకున్నామనుకోవడం, ఇద్దరూ వదిలేయడం, రెండూ ప్రమాదమే. గురువు “ఐ హ్యావ్ కంట్రోల్” అంటే, శిష్యుడు “యు హ్యావ్ కంట్రోల్” అని మారుపలికి వదిలివేయాలి. తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే. మొదటి రోజునుంచే ఇది అలవాటు కావాలి.

“అర్థమైంది సార్” అంటే నమ్మకండి: మన తరగతుల్లో మనమూ ఈ మాట ఎన్నిసార్లు అనలేదు? భయంచేత అన్నామో, మొహమాటంచేత అన్నామో మనకే తెలుసు. అందుచేత పాఠాన్ని నేలమీదనే వివరించి, శిష్యుని నోట తిరిగి చెప్పించుకోవాలి. గాలిలో ఉపన్యాసం పనికిరాదు. తప్పు చేస్తే కేకలేస్తే, అతడు తరువాతి తప్పును దాచడం నేర్చుకుంటాడు.

అన్నిటికన్నా కష్టమైనది చేతులు ముడుచుకొని కూర్చోవడం. శిష్యుడు కొంచెం ప్రక్కకు పోగానే గురువు సర్దేస్తుంటే, విమానం ఎవరు నడిపారో శిష్యునికే తెలియదు. తప్పు తెలుసుకొని దిద్దుకునే వ్యవధి అతనికివ్వాలి. అయితే ప్రాణాపాయం రాకముందే అందుకోవాలి. ఈ రెంటి మధ్య హద్దు ఎక్కడో ముందుగానే మనసులో గీసుకోవాలి.

చివరకు సోలో రోజు వస్తుంది. సెస్నా 152 గరిష్ఠ బరువు సుమారు 757 కిలోలు. 75 కిలోల గురువు దిగిపోతే అందులో పదోవంతు తగ్గినట్లే! విమానం త్వరగా లేస్తుంది, చురుగ్గా ఎక్కుతుంది, దిగేటప్పుడు మరికొంత దూరం తేలుతుంది. ఈ సంగతి ముందుగా చెప్పకుండా తలుపు వేసి పంపడం అన్యాయం.

మనలో పైలట్లయ్యేవారు కొందరే కావచ్చు. కాని ఉపాధ్యాయులయ్యేవారు చాలామంది ఉన్నారు. శిష్యుడు ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేయగలడన్నదే గురువుకు అసలైన పరీక్ష అని మనమందరం గుర్తుంచుకోవడం మంచిది.