కొమ్ము పురుగు మీద ప్రయాణికులు

డొంకూరు కొబ్బరితోటల్లో కొమ్ము పురుగును చూడనివారు మాలో లేరు. దాన్ని తిరగేస్తే ఒక్కోసారి కాళ్ళ సందుల్లో సన్నని చుక్కలు కదులుతాయి. అవి నల్లులు. మంచాల నల్లికి ఆరు కాళ్ళు. ఎదిగిన వీటికి ఎనిమిది. అంటే సాలీడు బంధువులు. రెక్కలు లేవు గనుక పురుగును పట్టుకొని మరో పెంటకుప్పకు చేరతాయి. వీటిలో చాలావాటికి పురుగు బస్సే గాని భోజనం కాదు.

కొమ్ము పురుగుకూ, పేడపురుగులపై తిరిగే ఒక నల్లికీ లిన్నేయస్ 1758లో ఒకే గ్రంథంలో పేర్లు పెట్టాడు. నేటికీ కొత్త జాతులు దొరుకుతున్నాయి. కొత్తదని తేల్చాలంటే మైక్రోస్కోపు కింద వెంట్రుకలు లెక్కించి, బొమ్మ గీసి, తెలిసిన జాతులతో పోల్చి ప్రచురించాలి. నమూనాను మ్యూజియంలో భద్రపరచాలి.

2018 తిత్లీ తుపానుకు ఉద్దానం కొబ్బరిచెట్లు కూలాయి. కుళ్ళిన మొద్దులే కొమ్ము పురుగుకు పుట్టిళ్ళు. చెట్టు బతకాలంటే దాన్ని చంపక తప్పదు. మిత్రులారా, చంపేముందు ఒక్కసారి తిరగేసి చూద్దాం. పేరులేని ప్రాణి మన ఊళ్ళోనే ఉండవచ్చు!