నెట్‌వర్క్ బ్రిడ్జ్: వైఫైకి, ఈథర్‌నెట్‌కు లంకె

కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి కర్రలతో తలపడే బన్ని ఉత్సవంపై పోలీసులు సీసీ కెమెరాలు, డ్రోన్లతో నిఘా పెడతారు. ఇలాంటి చోట గుట్ట మీది కెమెరాలను తీగ లాగకుండా కింది ఈథర్‌నెట్‌తో కలిపే సాధనం వైర్‌లెస్ బ్రిడ్జ్.

బ్రిడ్జ్ ఓఎస్ఐ నమూనాలోని రెండో పొరలో, అంటే డేటా లింక్ పొరలో పనిచేస్తుంది. మ్యాక్ చిరునామా చూసి ఫ్రేమును పంపుతుంది. రూటరుది మూడో పొర, అది చూసేది ఐపీ చిరునామా. పరీక్షలో ఆప్షన్లలో రెండూ పక్కపక్కనే వస్తాయి, తొందరపడొద్దు.

ఈథర్‌నెట్ ప్రమాణం 802.3. వైఫైది 802.11, తొలిసారి వెలువడింది 1997లో. అసలు చిక్కంతా చిరునామాల దగ్గరే. ఈథర్‌నెట్ ఫ్రేములో మ్యాక్ చిరునామాలు రెండే: పంపేవారిది, అందుకునేవారిది. మామూలు వైఫై డేటా ఫ్రేములో మూడుంటాయి. రెండు ఈథర్‌నెట్‌లను వైఫైతో పారదర్శకంగా కలపాలంటే నాలుగు కావాలి. అందుకే రెండు వైపులా నాలుగు చిరునామాలు వాడే డబ్ల్యూడీఎస్ (వైర్‌లెస్ డిస్ట్రిబ్యూషన్ సిస్టమ్) బ్రిడ్జ్ మోడ్ పెడతారు. చానల్, భద్రతా కీ రెండు పరికరాల్లోనూ ఒకేలా ఉండాలి, వాటి ఐపీలు మాత్రం వేరు. ఐపీలు కేటాయించే డీహెచ్‌సీపీ ఒక్కచోటే నడవాలి.

బ్రిడ్జ్‌ల మధ్య రెండు దారులు ఏర్పడితే ఫ్రేములు చక్కర్లు కొట్టి నెట్‌వర్క్ స్తంభిస్తుంది. దాన్ని ఆపే స్పానింగ్ ట్రీని 1985లో రూపొందించింది రేడియా పెర్ల్‌మన్. ఈ పేరు తప్పక గుర్తుంచుకోండి.

రాష్ట్ర కోణంలో ఈథర్‌నెట్‌కు మరో లంకె: కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ వేసిన ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఫైబర్ కనెక్షన్‌కు ఇంట్లో బిగించే ఓఎన్‌టీ పెట్టె కాంతి సంకేతాన్ని ఈథర్‌నెట్‌కు మారుస్తుంది.