వేసవిలోనే గుడి గడప తొక్కండి

జూన్ నెలలో, అమెరికాలో దిగిన మొదటి వారాల్లోనే, ఇక్కడి ఎపిస్కోపల్ గుడికి వెళ్తే ఏం కనబడుతుందో ముందే చెబుతాను. పార్కింగ్ సగం ఖాళీగా ఉంటుంది. కోయిర్ బెంచీల్లో ఒక్కరూ ఉండరు. పదిన్నరకు అనుకున్న ఆరాధన తొమ్మిదిన్నరకే మొదలైపోయి ఉంటుంది. ప్రసంగం చెబుతున్నది ఆ సంఘం గురువు కాకపోవచ్చు. వారు సెలవు మీద వెళ్తే, ఆ ఆదివారానికి వేరే చోటి నుంచి ఇంకొకరు వస్తారు. ఇదంతా చూసి, "ఈ సంఘంలో జీవం లేదు, సెప్టెంబరులో చూద్దాంలే" అనుకుని వెనక్కి వెళ్లిన మనవాళ్లు చాలామంది నాకు తెలుసు. ఉత్తర వర్జీనియాకు వచ్చిన మొదటి ఏడు నేనూ అలాగే అనుకున్నాను. ఆ వేసవి పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఎందుకంటే కొత్తవాళ్లకు ఈ గుళ్లలో అన్నిటికంటే సులువుగా తెరుచుకునే కాలం వేసవే. క్రిస్మస్‌కి వెళ్తే జనంలో జనమైపోతారు. జూలైలో వెళ్తే ఉండేది ఓ నలభైమందే, మీరు ఇట్టే కనబడతారు. మీ పేరు అడుగుతారు, ఎలా పలకాలో మళ్లీ అడుగుతారు, వచ్చే వారానికి గుర్తుపెట్టుకుంటారు.

ముందు గంటల సంగతి. స్కూళ్లు మూసింది మొదలు లేబర్ డే దాకా, అంటే సెప్టెంబరు మొదటి సోమవారం దాకా, చాలా సంఘాలు రెండు ఆరాధనలను ఒకటిగా కలిపేస్తాయి. ఎన్ని గంటలకో శనివారమే ఫోన్ చేసి కనుక్కోండి. ఇక్కడ అన్న సమయానికే గంట కొడతారు, గంటంపావులో ముగిస్తారు. కోయిర్ సెలవులో ఉంటుంది కాబట్టి పాటలు పాడేది సంఘమే. ఒక్కో చోట గొంతు ఉన్నవాళ్లెవరైనా ఒక పాట పాడండని అడుగుతారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒకటి పాడతామంటే సంతోషంగా ఒప్పుకునే గురువులను చూశాను. సిగ్గుపడకండి.

మెదక్, దోర్నకల్, నంద్యాల, కృష్ణా గోదావరి ప్రాంతాల సి.ఎస్.ఐ. సంఘాల నుంచి వచ్చినవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇది మనకు పరాయి గుడి కాదు. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన ఈ దక్షిణ భారత సంఘంలో (సి.ఎస్.ఐ.) ఆంగ్లికన్లు ఒక పాయ. మన అజరయ్య గారు 1912లో దోర్నకల్ బిషప్ అయినప్పుడు, ఆ పదవికి వచ్చిన మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ ఆయనే. అదే ఆంగ్లికన్ కుటుంబంలో అమెరికా కొమ్మ ఈ ఎపిస్కోపల్ సంఘం. బాప్తిస్మం తీసుకున్న ఎవరినైనా ప్రభు భోజనానికి పిలుస్తారు. మీరే సంఘం నుంచి వచ్చారని బల్ల దగ్గర ఎవరూ ఆరా తీయరు. రొట్టె ఒక్కటే తీసుకున్నా సంస్కారం పూర్తయినట్టే. పాత్రలో ఉన్నది నిజమైన ద్రాక్షసారా, వద్దనుకుంటే చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకోండి, పాత్ర పట్టుకున్నవారు తప్పుగా అనుకోకుండా ముందుకు వెళ్తారు. బాప్తిస్మం లేనివారు, ఇతర మతస్థులు కూడా అలాగే చేతులు పెట్టుకుని వెళ్లి దీవెన తీసుకోవచ్చు. కూర్చున్నచోటే ఉండిపోయినా ఎవరూ ఏమీ అనరు.

వేసవి అంటే మన అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చే కాలం కూడా. మా అమ్మ వచ్చిన ఏడు, తెల్ల చీర కట్టుకుని, తెలుగు బైబిలు పట్టుకుని నాతో బయలుదేరింది. గుమ్మం దగ్గర చెప్పులు విడవబోతే ఆపాను. లోపల ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ పాప ఒప్పుకోలు ఎక్కడొస్తుందో, విశ్వాస ప్రమాణానికి ఎప్పుడు లేవాలో ఆమెకు నాకంటే బాగా తెలిసింది. క్రమం చాలావరకు ఒకటే కదా. సమాధానం, అంటే శాంతి, చెప్పుకునే ఘడియ రాగానే ముందు బెంచీలోని పెద్దాయన వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు. అమ్మ మన గుళ్లో చేసినట్టే రెండు అరచేతుల మధ్య ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. భార్య పోయిన మొదటి వేసవి ఆయనకది అని తర్వాత తెలిసింది.

ఆ ఘడియలో మన వాటా కూడా ఉందని చాలామందికి తెలియదు. ఆరాధనలో సంఘమంతా ఒకరికొకరు సమాధానం అందించుకునే పాత అలవాటు పశ్చిమ దేశాల సంఘాల్లో దాదాపు మరుగున పడింది. 1950లో దక్షిణ భారత సంఘం కూర్చుకున్న ప్రభు భోజన క్రమం, కేరళ సిరియన్ క్రైస్తవుల పద్ధతి చూసి, దాన్ని సంఘమంతటికీ తిరిగి తెచ్చింది. ఆ క్రమాన్ని దేశదేశాల్లో ఆరాధన పండితులు శ్రద్ధగా చదివారు. ఇక్కడ వాడే 1979 నాటి ప్రార్థన పుస్తకంలోనూ సమాధానం ఉంది.

ఆరాధన తర్వాత కాఫీకి తప్పకుండా ఆగండి. ఆగకుండా కారెక్కితే ఏళ్లు గడిచినా కొత్తవాళ్లుగానే ఉంటారు. గురువును పేరుతో పిలవమంటారు. మన నోటికి అది రాదు. "ఫాదర్" అనో, స్త్రీ అయితే "మదర్" అనో పేరుకు ముందు చేర్చి పిలవండి, చాలా చోట్ల అది అలవాటే. ఇక్కడ స్త్రీలకు గురువులుగా అభిషేకం 1976లో అనుమతించారు. మనకూ 2013లో నంద్యాలకు పుష్పలలిత గారు బిషప్ అయ్యారు కాబట్టి అందులో వింతపడాల్సింది లేదు. ఇద్దరు తండ్రులో ఇద్దరు తల్లులో ఉన్న కుటుంబాలూ కాఫీ బల్ల దగ్గర కలుస్తాయి. 2015 నుంచి ఈ సంఘం అలాంటి పెళ్లిళ్లు జరిపిస్తోంది. మీ నమ్మకం ఏదైనా, పిల్లల స్కూలు గురించి, ఊరి గురించి అందరితో మాట్లాడినట్టే మాట్లాడండి.

పాట్‌లక్ విందుకు, అంటే తలా ఒక వంటకం తెచ్చే భోజనానికి, పులిహోర తీసుకెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త. అందులో వేరుశనగ ఉందని చీటీ రాసి గిన్నె ముందు పెట్టండి. ఇక్కడ పల్లీ ఒక్కటి పడినా ప్రాణం మీదికొచ్చే పిల్లలుంటారు. జీడిపప్పు, పాలు, గోధుమ ఉన్నా రాయండి. పచ్చిక మీద విందైతే వండిన పదార్థం రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 32 దాటితే ఒక్క గంటే. కారం కొంచెం తగ్గించండి గానీ రుచి మార్చకండి. గిన్నె ఖాళీగా తిరిగొస్తుంది. గడ్డిలో ఆడిన పిల్లలకు ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చెవుల వెనక టిక్ పురుగులు పట్టాయేమో చూడండి. వాటివల్ల లైమ్ జబ్బు రావచ్చు.

పిల్లల వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి) మనకు ఏప్రిల్, మే ఎండల్లో, ఇక్కడ జూన్, జూలైల్లో. ఎక్కువగా ఐదు పొద్దులు, మధ్యాహ్నానికి ఇంటికి. చుట్టుపక్కల ఏ మతం పిల్లలైనా వస్తారు. పేర్లు వసంతంలోనే రాయించాలి. మీరు పాఠం చెబుతామంటే సంతోషిస్తారు, కానీ ముందు నేర చరిత్ర పరిశీలనకు సంతకం పెట్టి, పిల్లల భద్రత శిక్షణ పూర్తి చేయమంటారు. అది మీ మీద అనుమానం కాదు, ముప్ఫై ఏళ్లుగా ఉన్నవాళ్లకూ అదే నియమం. పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలన్నదీ అంతే. మన సంఘాల్లోనూ రావాలని నేను గట్టిగా కోరుకునే నియమమది. పని అనుమతి లేకుండా హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్లు జీతం లేని సేవకే ఒప్పుకోండి. ఎవరైనా భత్యం ఇస్తామంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి.

చాలా సంఘాలు ఆహార నిల్వ గది నడుపుతాయి లేదా దానికి సరుకులు అందిస్తాయి. వేసవిలో దాని మీద భారం పెరుగుతుంది. స్కూల్లో ఉచితంగా భోంచేసే పిల్లల్లో చాలామంది ఆ రెండున్నర నెలలు మధ్యాహ్నం భోజనం ఇంట్లోనే వెతుక్కోవాలి. అదే సమయానికి సాయం చేసేవాళ్లు ఊళ్లకు వెళ్తారు. బియ్యం సంచులు మోయడానికి, డబ్బాల మీద తేదీలు చూడడానికి మీ ఇంగ్లీషు ఎలా ఉన్నా ఫర్వాలేదు. ఒక శనివారం వెళ్లిరండి. ఆగస్టులో స్కూలు సంచులు నింపే పని కూడా అక్కడే కనబడుతుంది.

ఇక్కడి వర్జీనియా డయోసీస్‌కు కొండల్లో ఒక చోటు ఉంది, ఆర్క్నీ స్ప్రింగ్స్‌లోని ష్రైన్ మాంట్. ఉత్తర వర్జీనియాలోని ఆష్‌బర్న్ నుంచి సుమారు రెండు గంటల ప్రయాణం. పిల్లల వేసవి శిబిరాలు అక్కడే. సంఘమంతా కలిసి శుక్రవారం వెళ్లి ఆదివారం తిరిగొచ్చే అలవాటూ ఉంది. ఫీజు భారమైతే గురువును నేరుగా అడగండి, సాయనిధి సామాన్యంగా ఉంటుంది, పేర్లు బయటికి రావు. అక్కడ 1925లో ప్రతిష్ఠించిన రూపాంతర దేవాలయం ఈ డయోసీస్ కేథడ్రల్. సంఘం కూర్చునే చోట పైకప్పు లేదు. ఆ కొండ రాళ్లనే చుట్టుపక్కల జనం గుర్రాలతో లాగించి, దొర్లించి తెచ్చి పేర్చారు. మా అమ్మను అక్కడికి తీసుకెళ్లాం. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో గుడి కట్టకముందు చింతచెట్టు కింద ఆరాధన జరిగేదట. బెంచీ మీద కూర్చుని పైన ఓక్ కొమ్మలు చూస్తూ ఆ చింతచెట్టు గురించి, గుళ్లో చెయ్యి చాపిన ఆ పెద్దాయనకు తెలుగులోనే చెప్పింది, నేను మధ్యలో ఇంగ్లీషు చేశాను. సెప్టెంబరులో ఆమె వెళ్లిపోయింది. కోయిర్ తిరిగొచ్చిన ఆదివారం ఆయన నా పక్కకొచ్చి, అమ్మ మళ్లీ ఏ నెలలో వస్తుందని అడిగాడు. జూన్ అని చెప్పాను.