బయానా ఇచ్చే ముందు

నల్లగొండ

చిరంజీవి అల్లుడికి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ చూశాను. మీ అత్తకూ చూపించాను, రంగు బాగుందన్నది. 2012 మోడల్ బీఎండబ్ల్యూ 320డీ, ఏడు లక్షలు, అరవై వేల కిలోమీటర్లే తిరిగిందంటున్నారు. ఒకప్పుడు ముప్పై లక్షలు పలికిన బండి స్విఫ్ట్ ధరకు వస్తుందంటే నీ వయసులో మనసు గుంజుతుంది. వద్దంటే చాదస్తమంటావు కాబట్టి వద్దనను. బయానా ఇచ్చే ముందు మాత్రం నా మాట విను.

బండి పాతబడితే దాని ధర పడుతుంది, స్పేర్ పార్టుల ధర పడదు. ముప్పై లక్షల బండికి టర్బో, ఇంజెక్టర్లు, గేర్‌బాక్సు ఎంత ఖరీదుండాలో అంతే ఉంటాయి, ఏటా కొంత పెరుగుతాయి కూడా. నా మెకానిక్ షెడ్డులో నేను చూసే గొడవంతా ఇదే. కొనేటప్పుడు అందరి దగ్గరా డబ్బుంటుంది, మొదటి పెద్ద బిల్లు వచ్చేసరికే ఉండదు.

నువ్వు చూసిన దాంట్లో ఉన్నది ఎన్47 డీజిల్ ఇంజన్. దాని టైమింగ్ చైన్ ముందువైపు ఉండదు, వెనక గేర్‌బాక్సు పక్కన ఉంటుంది. 2007లో మొదలైన ఈ ఇంజన్‌కు ఇదే పేరుమోసిన జబ్బు. మొదట్లో వచ్చిన వాటిలో ఎక్కువ, తర్వాతి వాటిలో తగ్గింది, పూర్తిగా పోలేదు. చైనూ గైడ్లూ మార్చాలంటే ఇంజనో గేర్‌బాక్సో దింపాలి. సామానుకంటే కూలీ ఎక్కువవుతుంది, అన్నీ కలిపి బయటి గ్యారేజీలో కూడా లక్ష దాటొచ్చు. అలాగే నడిపిస్తే ఏదో ఒకరోజు చైన్ తెగి వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఆ పైన ఇంజన్ మార్చడమే.

అందుకని పొద్దున్నే, చెప్పకుండా వెళ్లు. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే వాళ్లు నీకంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. టీ తాగి వచ్చెయ్, ఇంకోరోజు వెళ్లొచ్చు. చల్లగా ఉంటే బానెట్ ఎత్తించి, స్టార్ట్ చేయించి, ఇంజన్ వెనక, అద్దం వైపు చెవి పెట్టు. గొలుసు ఈడ్చినట్టు గరగర వినిపించిందా, బేరం అక్కడితో ఆపు.

రెండోదిగా నువ్వు రాసిన ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ ఆటోమేటిక్ నడపడానికి సరదా బండే. దాని ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సులో క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండవు, పొడిగా ఉంటాయి. ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో, వేడిలో అవి తొందరగా అరుగుతాయి. గేర్లను నడిపించే మెకట్రానిక్ యూనిట్ కూడా పోతుంది. 2013లో చైనాలో ఫోక్స్‌వ్యాగన్ ఈ డీఎస్‌జీల కోసమే 3.84 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. మెకట్రానిక్ మార్చాలంటే లక్షన్నర, రెండు లక్షలు అన్నా ఆశ్చర్యపోకు. టెస్ట్ డ్రైవ్‌కు వాళ్లు నిన్ను ఔటర్ రింగురోడ్డు ఎక్కిస్తారు. అక్కడగానీ, షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా హైవే మీదగానీ ఏ బండైనా మంచిగనే పోతుంది. నువ్వు మధ్యాహ్నం రెండింటికి ఎల్బీనగర్ ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లు. ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు వణికితే రోగం ఉన్నట్టే. అదే 2017లో వచ్చిన ఆక్టేవియా ఆర్‌ఎస్ అయితే 230 హార్స్‌పవర్, ఆరు గేర్లు, ఆయిల్‌లో తడిసే క్లచ్. నా ఓటు దానికే, 60,000 కిలోమీటర్లకోసారి గేర్‌బాక్సు ఆయిల్ మార్చిన బిల్లు చూపిస్తేనే. ధర ఎక్కువే, అయినా.

మన నేల సంగతి కూడా చూసుకో. నల్లగొండ బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర కట్టడం నువ్వు చూసిందే. ఆ నీళ్లే రేడియేటర్‌లో పోస్తే లోపల అదే పొర. ఈ బండ్ల కూలంట్ ట్యాంకులు ప్లాస్టిక్‌వి, వయసుతో బీటలు వారతాయి. మే నెల ఎండలో ఒక్కసారి ఇంజన్ కాగిందంటే అల్యూమినియం హెడ్ వంకర పోతుంది. కంపెనీ చెప్పిన కూలంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేం పోయకు.

బీఎండబ్ల్యూలో స్టెప్నీ ఉండకపోవచ్చు. రన్‌ఫ్లాట్ టైరు గాలి పోయినా గంటకు 80 కిలోమీటర్లు మించకుండా సుమారు 80 కిలోమీటర్లు పోతుంది, అంతే. మాల్ ఊరు దాటి దేవరకొండ దారిలో రాత్రిపూట ఆగిపోతే, ఊళ్లోవాళ్లు మంచి మనసుతో ట్రాక్టర్ తెచ్చి తాడు కడతారు. కట్టనివ్వకు. ఇంజన్ ఆగితే ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆయిల్ పంపు తిరగదు, లాగినకొద్దీ లోపల అరిగిపోతుంది. బండిని మొత్తం పైకెక్కించుకునే రికవరీ వ్యాన్ రావాల్సిందే.

నీ 320డీ మొదటి రిజిస్ట్రేషన్ ఢిల్లీదన్నావు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు బలపరిచింది. చవక ఎందుకో అక్కడే సగం తెలుస్తుంది. ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ రసీదు, ఫైనాన్స్ తీరిన కాగితం మూడూ చూడు. ఆర్సీ 15 ఏళ్లు 2027లో నిండుతాయి, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి రెన్యూ చేయించాలి.

అరవై వేల కిలోమీటర్ల మాట నేను నమ్మను. ఛాసిస్ నంబరు పంపు, సర్వీసు చరిత్ర తీయిద్దాం. చేతిలో ఇంకో రెండు లక్షలు విడిగా లేకపోతే ఈ ఏడాదికి ఆగు. ఉంటే వచ్చే ఆదివారం స్కానర్ పట్టుకుని నేనే వస్తాను. అప్పటిదాకా ఎవరికీ పైసా బయానా ఇవ్వకు.

ఇట్లు
మీ మామ