బరువు తగ్గించే శస్త్రచికిత్స తరువాత మలబద్ధత, కడుపునొప్పి

మలబద్ధత అనగానే మన ఇళ్ళలో పెద్దవారికి ముందుగా గుర్తుకు వచ్చేవి ఆముదం, ఇసబ్‌గోల్, త్రిఫలా చూర్ణం. సాధారణ స్థితిలో ఉన్న జీర్ణకోశానికి ఇవి ఉపకరించే మాట నిజమే. కాని బరువు తగ్గుటకై శస్త్రచికిత్స చేయించుకొని ఇంటికి వచ్చిన వారికి ఇవే ఔషధాలు అపకారం చేసే సందర్భాలున్నాయి. అటువంటి రోగి ఉన్న ఇంటివారు తెలుసుకోవలసిన విషయాలను ఈ పాఠంలో వివరిస్తున్నాము.

శరీరంలో జరిగిన మార్పు

ఈ శస్త్రచికిత్సలలో ముఖ్యమైనవి రెండు. మొదటిది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో జీర్ణాశయంలో సుమారు 75 నుండి 80 శాతం భాగాన్ని తొలగించి, మిగిలిన దానిని సన్నని గొట్టం వలె ఉంచుతారు. రెండవది గ్యాస్ట్రిక్ బైపాస్. ఇందులో జీర్ణాశయపు పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు, అనగా రెండు పెద్ద చెంచాల ద్రవం పట్టే చిన్న సంచిని ఏర్పరచి, చిన్నప్రేవును దానికి నేరుగా కలుపుతారు. కోసి కలిపిన భాగం లోపల మానుటకు కొన్ని వారాలు పడుతుంది. పైన కనిపించే గాయాలు చిన్నవి కావడం చేత లోపలి గాయం కూడా చిన్నదేనని భావించరాదు.

మలబద్ధతకు కారణాలు

1. ఆహారం తగ్గుట: మొదటి రెండు వారాలు సాధారణంగా ద్రవాహారమే ఇస్తారు. పీచు లేని ఆహారంతో మలం తక్కువగా ఏర్పడుతుంది. కనుక ఈ దశలో రెండు మూడు రోజులకొకసారి విరేచనం కావడం సహజమే. మలం మెత్తగా ఉండి, పొట్ట ఉబ్బరం, నొప్పి లేనప్పుడు కంగారు పడనవసరం లేదు.

2. నీరు తగ్గుట: పూర్వం వలె గ్లాసెడు నీరు ఒక్కసారిగా తాగుట వీలుకాదు. శరీరానికి నీరు చాలనప్పుడు పెద్దప్రేవు మలంలోని తేమను మరింతగా పీల్చుకొని, మలాన్ని గట్టిపరుస్తుంది.

3. మందులు: ట్రమడాల్ వంటి నొప్పి మందులు ప్రేవుల కదలికను మందగింపజేస్తాయి. ఇనుము, కాల్షియం మాత్రలు కూడా కొందరికి మలాన్ని బిగిస్తాయి. అయితే వీటిని స్వయంగా మానరాదు. మాత్రల రకమును గాని, మోతాదును గాని వైద్యుడే మార్చవలెను.

4. కదలిక లేకపోవుట: నొప్పికి భయపడి పడకకే పరిమితమైనచో ప్రేవులు కూడా మందగిస్తాయి.

మలమూత్రాదులను కిందికి నడిపించే శక్తిని ఆయుర్వేదం అపానవాయువు అంటుంది. వచ్చిన వేగాన్ని ఆపరాదని చరకసంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం ప్రత్యేకంగా బోధిస్తుంది. కుట్లకు భయపడి విరేచనాన్ని ఆపుకొనే రోగులకు ఈ బోధ మిక్కిలి అవసరం.

ఇంట్లో పాటించవలసినవి

నీరు: రోజుకు లీటరున్నర నుండి రెండు లీటర్ల ద్రవాలు అవసరం. మేలుకొని ఉన్న 15 గంటలలో గంటకు 100 మిల్లీలీటర్ల చొప్పున, చిన్న చిన్న గుక్కలుగా తాగినచో లీటరున్నర పూర్తి అవుతుంది. ఘనాహారం మొదలైన తరువాత భోజనంతో పాటు నీరు తాగరాదు. తిన్న పిదప అరగంట ఆగవలెను.

ఆహారం: వైద్యుడిచ్చిన ఆహారక్రమమే ప్రమాణం. ద్రవాహార దశలో పలుచని మజ్జిగ, వడకట్టిన పెసరకట్టు వంటివి అనుమతి మేరకు ఇవ్వవచ్చు. మెత్తని ఆహారానికి అనుమతి లభించిన తరువాత బీర, సొర, పొట్లకాయలను చెక్కు, గింజలు తీసి, మెత్తగా ఉడికించి, మెదిపి పెట్టవలెను. మునగకాడల వంటి నారగల కూరలను తొందరపడి పెట్టరాదు. పీచును క్రమంగా పెంచవలెను.

నడక: రోజుకు నాలుగైదు మార్లు ఇంట్లోనే కొద్దికొద్దిగా నడిపించవలెను. ఇది ప్రేవులకే కాక, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఉండుటకు కూడా మేలు చేస్తుంది.

మలవిసర్జన: కమోడుపై కూర్చున్నప్పుడు పాదాల కింద చిన్న పీట ఉంచుకొనవలెను. గట్టిగా ముక్కరాదు.

చేయకూడనివి

ఆముదం, సునాముఖి ప్రేవులను బలంగా కదిలిస్తాయి. లోపల అడ్డు ఏర్పడి ఉన్నచో ఆ కదలికయే ప్రమాదకారణం అవుతుంది. ఇసబ్‌గోల్ నీటిని పీల్చి ఉబ్బుతుంది. దానితో గ్లాసెడు నీరు తాగవలెను. అంత నీరు తాగలేని వారికి అది లోపలే ముద్దగా నిలిచి అడ్డుపడవచ్చు. త్రిఫలా చూర్ణాన్ని కూడా శస్త్రవైద్యుని అనుమతి లేనిదే ఇవ్వరాదు. బెల్లం, చక్కెర అధికంగా గల లేహ్యాల వలన, ముఖ్యంగా బైపాస్ అయిన వారికి, చెమటలు, గుండెదడ, నీళ్ళ విరేచనాలు కలుగవచ్చు. మందు తప్పనిసరి అయినచో లాక్టులోజ్ వంటి వాటిలో తగినది వైద్యుడే నిర్ణయిస్తాడు.

కడుపునొప్పి: నిర్లక్ష్యం తగదు

సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలో ప్రేవు మూసుకొనిపోయే బద్ధగుదోదరానికి, ప్రేవుకు రంధ్రం పడే పరిస్రావ్యుదరానికి శస్త్రకర్మయే విధించబడినది. నొప్పి ఏదైనా విరేచనౌషధంతో పోతుందన్న నమ్మకం ఆయుర్వేద సమ్మతం కాదని దీనివలన తెలుస్తున్నది.

లాపరోస్కోపీలో పొట్టలో నింపిన వాయువు వలన మొదటి కొన్ని రోజులు భుజం నొప్పి, ఉబ్బరం ఉండవచ్చు. ఇవి దినదినం తగ్గవలెను. ఈ కింది లక్షణాలలో ఏది కనిపించినా, రాత్రివేళ అయినా సరే, ఆస్పత్రికి వెళ్ళవలెను.

• విశ్రాంతిలో కూడా నాడి నిమిషానికి 120కి మించుట, జ్వరం, ఆయాసం, పెరిగే నొప్పి: కుట్ల వద్ద లీకు కావచ్చు.
• విరేచనంతో పాటు అపానవాయువు కూడా పోక, పొట్ట ఉబ్బి వాంతులగుట: ప్రేవులో అడ్డు కావచ్చు.
• కుడి డొక్కలో భోజనానంతరం వచ్చే నొప్పి: త్వరగా బరువు తగ్గిన వారిలో పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడుతుంటాయి.
• జిగటగా, తారు వలె నల్లని మలం, రక్తవాంతి: లోపల రక్తస్రావం కావచ్చు. ఇనుము మాత్రల వలన కూడా మలం నల్లబడుతుంది గాని, తారు వలె జిగటగా ఉండదు.
• ఆగని వాంతులు: విటమిన్ బి1 లోపించి నరములు దెబ్బతినవచ్చు.

నొప్పికి డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు కొని వేసుకొనరాదు. బైపాస్ అయిన వారిలో ఇవి సంచి, ప్రేవు కలిసిన చోట పుండుకు కారణమవుతాయి.

మరొక ముఖ్య విషయం. బైపాస్ అయిన వారిలో, బరువు బాగా తగ్గిన తరువాత, నెలలకో సంవత్సరాలకో ప్రేవు లోపలి సందులలో చిక్కుకొని మెలిపెట్టే నొప్పి రావచ్చు. అప్పటికి ఆపరేషన్ సంగతి ఇంటివారు మరచి, అజీర్ణమని వాము నీళ్ళతో సరిపెట్టే ప్రమాదం ఉన్నది. అందువలన ఏ శస్త్రచికిత్స, ఏ తేదీన, ఎక్కడ జరిగినదో ఒక కాగితంపై వ్రాసి ఇంట్లో భద్రపరచి, కడుపునొప్పితో ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా ముందుగా దానిని చూపవలెను.

నొప్పి లేని మలబద్ధతకు నీరు, నడక, ఓర్పు మొదటి చికిత్స. నొప్పితో కూడిన మలబద్ధతకు వైద్యుని దర్శనమే మొదటి చికిత్స. గృహవైద్యం ఎంతవరకు చేయవచ్చునో, ఎక్కడ ఆపవలెనో తెలిసిన ఇంటిలోనే రోగి క్షేమంగా కోలుకుంటాడు.