బిగుసుకుపోవడం పిరికితనం కాదు

ఆఫీసులో పైఅధికారి నలుగురి ముందు కులం ఎత్తి మాట అంటాడు. మీ నోరు పెగలదు, కాళ్లు కదలవు. ఇంటికొచ్చాక "ఎందుకు మాట్లాడలేకపోయాను?" అని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు.

అది పిరికితనం కాదు. ఎదిరించలేం, పారిపోలేం అని తోచినప్పుడు ప్రాణం కాపాడుకోవడానికి శరీరం తనంతట తానే చేసే పని అది. 1917లో బరోడాలోని పార్శీ సత్రంలో బాబాసాహెబ్‌ను కర్రలు పట్టుకున్న గుంపు చుట్టుముట్టింది. ఎన్ని ప్రశ్నలు వేసినా ఆయన మౌనంగా నిలబడ్డారు. ఆ మౌనమే తన ప్రాణం కాపాడిందని తర్వాత ఆయనే రాశారు. పదేళ్లకు, 1927లో, వేలాది మందితో కలిసి మహాడ్ చెరువు నీళ్లు తాగిందీ ఆయనే.

మరి బిగుసుకున్న దేహం తేరుకునేదెలా? సతిపట్ఠాన సుత్తంలో బుద్ధుడు మొదట గమనించమన్నది దేహాన్నే.

1. పాదాలు నేలకు ఆనించి, ఆ స్పర్శ గమనించండి.
2. కళ్లు తెరిచే ఉంచి, చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పుకోండి.
3. వేళ్లు, భుజాలు కదపండి. ఊపిరి బిగపట్టకుండా నెమ్మదిగా వదలండి.
4. లేచి నడవండి. వేసే ప్రతి అడుగూ మీకు తెలియాలి.

కళ్లు మూసుకుంటే భయం పెరిగేవాళ్లు ఆనాపానసతికి బదులు నడకే సాధన చేయండి. పదేపదే ఇలా అవుతుంటే డాక్టరును కలవండి.

తేరుకున్నాక జరిగింది ఒక కల్యాణమిత్రుడికి చెప్పండి. ధ్యానం చేస్తున్నాం కదా అని అన్యాయాన్ని దిగమింగకండి. ఆ రోజు పెగలని మాటను ఇవాళ ఫిర్యాదుగా రాయండి.

నమో బుద్ధాయ! జై భీమ్!