మారిషస్‌లో మనవాళ్లు దిగిన రేవు

ప్రశ్న: వేసవి సెలవులకు మేమిద్దరం మారిషస్ వెళ్తున్నాం. బీచ్‌ల సంగతి అందరూ చెబుతున్నారు. అది బానిసల చరిత్ర ఉన్న దీవి కదా! మన తెలుగువాళ్లనూ బానిసలుగానే తీసుకెళ్లారా? ఏమేం చూడాలి?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, కొండపల్లి

జవాబు: ఫ్రెంచివారి కాలంలో ఎక్కువగా మడగాస్కర్, మొజాంబిక్ తీరాల నుంచి మనుషుల్ని కొని తెచ్చారు. మన కోరమాండల్ తీరం నుంచీ కొందరు అలా వెళ్లారు. ఆంగ్లేయులు 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వాన్ని రద్దుచేశారు. పరిహారం మాత్రం యజమానులకే ముట్టింది! చెరకు తోటలకు కూలీలు కావాలి. అందుకే అయిదేళ్ల ఒప్పందాలు రాయించుకుని ఇక్కడివాళ్లను ఓడలెక్కించారు. జీతం నెలకు అయిదు రూపాయలు, పైన తిండి. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. మన తెలుగువారిలో ఎక్కువమంది వెళ్లింది ఇలాగే. కోరింగ రేవు నుంచి ఓడెక్కారు కాబట్టి అక్కడ వారికి ‘కోరంగీలు’ అని పేరుపడింది. కాగితం మీద బానిసలు కారు. తోటలో కష్టం మాత్రం పెద్దగా మారలేదనే నేనంటాను.

పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ ఉంది. కూలీలు ఓడ దిగి ఎక్కిన మెట్లు ఇంకా ఉన్నాయి. యునెస్కో 2006లో గుర్తించింది. మిగిలింది చిన్న కట్టడమే. ప్యాకేజీ టూర్లవాళ్లు పది నిమిషాల్లో తిప్పి తెచ్చేస్తారు. వాళ్లతో వెళ్లకండి. పక్కనే పాత మిలిటరీ ఆసుపత్రిలో బానిసత్వ మ్యూజియం ఉంది. ముందు అది చూసి తర్వాత ఘాట్‌కు రండి, వరస అర్థమవుతుంది. మరో రోజు నైరుతి కొసన ఉన్న లె మోర్న్ కొండకు వెళ్లండి. పారిపోయిన బానిసలు దాక్కున్నది అక్కడే. రద్దు కబురు చెప్పడానికి వచ్చిన సిపాయిలను చూసి, పట్టుకుపోతారేమోనని కొండ మీంచి దూకేశారని అక్కడివాళ్లు చెప్పుకొంటారు.

ప్రశ్న: మా ముత్తాత తమ్ముడు మారిషస్ వెళ్లాడని ఇంట్లో అంటారు. ఆచూకీ దొరుకుతుందా?
- ఒక పాఠకురాలు, ఇబ్రహీంపట్నం

జవాబు: మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రిజిస్టర్లు ఉన్నాయమ్మా. పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ అన్నీ రాసుకున్నారు. 1860ల తర్వాత వెళ్లినవారికి ఫొటోలు కూడా ఉండవచ్చు. ఒక్క చిక్కు: మీ వైపు ఊళ్లు ఉండే కృష్ణా జిల్లా 1859లో ఏర్పడింది. అంతకుముందు వెళ్లి ఉంటే మచిలీపట్నం జిల్లా కింద వెతకాలి. ఇంగ్లిషు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు కాబట్టి పేరును నాలుగైదు స్పెల్లింగుల్లో చూడండి. కులం పేరునే ఇంటిపేరుగా రాసిన చోట్లూ ఉంటాయి.

ప్రశ్న: అక్కడి తెలుగువాళ్లకు మా ఊరి బొమ్మలు తీసుకెళ్లవచ్చా?
- బొమ్మల కాలనీ, కొండపల్లి

జవాబు: నిక్షేపంగా! ఇంట్లో క్రియోల్ మాట్లాడినా రామభజనలు, ఉగాది మానలేదు వాళ్లు; ఉగాది అక్కడ సెలవురోజు కూడా. దశావతారాలు పట్టుకెళ్లండి. పొనికి చెక్కతో చేసినవని దిగగానే కస్టమ్స్ వాళ్లకు మీరే చెప్పేయండి.